జోసెఫ్ విట్‌వర్త్

సర్ జోసెఫ్ విట్‌వర్త్ (డిసెంబరు 21, 1803 - జనవరి 22, 1887) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ యంత్రనిర్మాత, ఇంజనీరు, దాత. లోహపు పలకను నిజమైన సమతలంగా తీర్చే పద్ధతిని కర్మాగారాలలో ప్రచారంలోకి తెచ్చినవాడు, మరచుట్లకు దేశమంతటికీ ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించినవాడు, అంగుళంలో పదిలక్షవ వంతు తేడాను పట్టి చూపే కొలత యంత్రాన్ని నిర్మించినవాడు ఈయనే. తుపాకుల చరిత్రలో షడ్భుజాకారపు గొట్టం గల విట్‌వర్త్ రైఫిలు రూపకర్తగా ప్రసిద్ధుడు. గురి విషయంలో ఆనాటి సైనిక రైఫిళ్ళన్నింటినీ మించినదని పరీక్షలలో తేలినా ఆ రైఫిలును బ్రిటిష్ సైన్యం స్వీకరించలేదు. మన దేశంలో ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు బి.ఎస్.డబ్ల్యు. మర అనే పేరు పరిచితమే. ఆ మూడు అక్షరాలలో చివరిది ఈయన ఇంటిపేరు.

బాల్యం, విద్య

విట్‌వర్త్ ఇంగ్లాండులోని చెషైర్ ప్రాంతంలో స్టాక్‌పోర్ట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఛార్లెస్ విట్‌వర్త్ బడిపంతులు, తరువాత కాంగ్రిగేషనల్ సంప్రదాయానికి చెందిన క్రైస్తవ బోధకుడయ్యాడు. తల్లి సారా. ఆమె విట్‌వర్త్ చిన్నతనంలోనే మరణించింది. లీడ్స్ నగరం సమీపంలోని ఐడిల్ అనే ఊరి పాఠశాలలో కొంతకాలం చదివిన తరువాత, 14వ ఏట డెర్బీషైర్‌లో నూలు మిల్లు నడుపుతున్న మేనమామ వద్ద పని నేర్చుకోవడానికి చేరాడు. మేనల్లుడు వ్యాపారం నేర్చుకొని మిల్లును చేపట్టాలన్నది మేనమామ కోరిక. కుర్రవాని మనసు మాత్రం నూలు మీద కాక నూలు వడికే యంత్రాల మీదకు పోయింది. ఆ యంత్రాలు ఎంత మోటుగా, ఎంత లోపభూయిష్టంగా తయారవుతున్నాయో అతడు అక్కడే గమనించాడు. కొన్నేళ్ళకు ఆ మిల్లును విడిచి మాంచెస్టర్ చేరి, ఒక యంత్రాల కర్మాగారంలో సామాన్య కార్మికుడుగా కుదురుకున్నాడు.

లండనులో శిక్షణ

1825లో ఫానీ ఆంకర్స్‌ను వివాహమాడి ఆ దంపతులు లండనుకు తరలివెళ్ళారు. అక్కడ విట్‌వర్త్ హెన్రీ మాడ్‌స్లే కర్మాగారంలో చేరాడు. కచ్చితమైన యంత్రాల తయారీలో మాడ్‌స్లేది ఆనాడు ఇంగ్లాండులో అగ్రస్థానం. అటుపిమ్మట హోల్ట్‌జాఫెల్ వద్ద, ఆపైన జోసెఫ్ క్లెమెంట్ వద్ద పనిచేశాడు. ఛార్లెస్ బాబేజీ తలపెట్టిన గణన యంత్రానికి విడిభాగాలు చేసిపెట్టినవాడు ఈ క్లెమెంటే. ఇంతటి గురువుల వద్ద ఎనిమిదేళ్ళు గడిపే అవకాశం దొరకడం విట్‌వర్త్ అదృష్టమే అనాలి. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని ఈయనకు ఆ కర్మాగారాలే విశ్వవిద్యాలయాలు.

1833లో తిరిగి మాంచెస్టర్ చేరి సొంత కర్మాగారం ప్రారంభించాడు. లేత్ యంత్రాలు, లోహాన్ని చిత్రిక పట్టే యంత్రాలు, రంధ్రాలు తొలిచే యంత్రాలు అక్కడ తయారయ్యేవి. 1842 ప్రాంతంలో గుర్రంతో లాగించే వీధులు ఊడ్చే యంత్రాన్ని కూడా తయారుచేసి మాంచెస్టర్ వీధులలో నడిపించాడు.

సమతలం - మూడు పలకల పద్ధతి

విట్‌వర్త్ కృషి అంతటికీ పునాది సమతలం. ఆనాడు ఇనుప పలకను చదునుచేయాలంటే ఉలితో చెక్కి, ఆకురాయితో రాకి, చివరకు రెండు పలకల నడుమ ఇసుకపొడి వేసి ఒకదానితో ఒకటి రుద్దేవారు. పొడి ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా చేరేది. దానివల్ల చదును అవుతుందనుకున్న పలక పైకి నునుపుగా కనిపించినా లోలోపల వంపు మిగిలేది.

దీనికి బదులుగా విట్‌వర్త్ అనుసరించిన పద్ధతి ఇది. మూడు పలకలు తీసుకోవాలి. ఒక పలకకు నూనెలో కలిపిన సిందూరాన్ని పలుచగా పూసి రెండవ పలకను దానిపై ఆనించి జరపాలి. రెండవ పలకపై ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే రంగు అంటుతుంది. ఆ చోట్లను పదునైన గీకుడు పనిముట్టుతో కొద్ది కొద్దిగా గీకి తీసివేయాలి. రంగు పలకంతటా సమంగా అంటేవరకు ఇలా చేస్తూ పోవాలి.

రెండు పలకలు చాలవా, మూడవది ఎందుకు అనే సందేహం విద్యార్థులకు కలుగుతుంది. ఒక పలక గిన్నెలా లోతుగానూ, రెండవది దానికి సరిపడేలా ఉబ్బెత్తుగానూ ఉన్నా రెండూ చక్కగా అతుక్కుంటాయి. వాటిని చూసి రెండూ సమతలాలే అని భ్రమపడే ప్రమాదముంది. మూడవ పలకను తెచ్చి మొదటిదానితోనూ, రెండవదానితోనూ విడివిడిగా సరిపోల్చినప్పుడు ఆ మోసం బయటపడుతుంది. ఉబ్బెత్తు పలకకు సరిపోయిన మూడవ పలక గిన్నెలా ఉన్న పలకకు సరిపోదు. మూడింటిలో ఏ రెండింటిని జతచేసినా అతుక్కున్నాయంటే మూడూ సమతలాలు కావడం తప్ప వేరే మార్గం లేదు. కొలబద్ద అక్కరలేకుండా, కేవలం తర్కంతో, చేతిపనితో సమతలాన్ని సృష్టించే ఈ ఉపాయం యూక్లిడ్ జ్యామితికి ఏమాత్రం తీసిపోదు.

ఈ పద్ధతి ఘనత పూర్తిగా విట్‌వర్త్‌దేనా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. మాడ్‌స్లే కర్మాగారంలో అంతకు ముందే ప్రమాణ పలకలు వాడుకలో ఉండేవి. అయితే ఇసుకపొడితో రుద్దడాన్ని పూర్తిగా మానిపించి, గీకుడు పద్ధతిని స్థిరపరచి, 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో పత్రం ద్వారా లోకానికి తెలియజేసినవాడు విట్‌వర్త్. కర్మాగార రహస్యంగా ఉండిపోయే విద్యను బహిరంగపరచడమే ఇక్కడ ముఖ్యమైన విషయం.

సమతలానికీ తుపాకికీ సంబంధమేమిటన్నది లేత్ యంత్రాన్ని చూస్తే తెలుస్తుంది. లేత్‌లో పనిముట్టును మోసే జారుడు భాగం పావురం తోక ఆకారపు గాడిలో కదులుతుంది. దీనిని కార్మికులు డవ్‌టెయిల్ అంటారు. అడుగు వెడల్పుగా, పైభాగం ఇరుకుగా ఉండటం వల్ల జారుడు భాగం పైకి లేవకుండా ముందువెనుకలకు మాత్రమే కదులుతుంది. అడుగు తలం, రెండు ఏటవాలు తలాలు నిజమైన సమతలాలు కాకపోతే ఆ భాగం ఒకచోట బిగుసుకుపోతుంది, మరొకచోట వదులై కదలాడుతుంది. ఆ లోపం పనిముట్టుకు, పనిముట్టు నుండి అది కోసే లోహానికి సంక్రమిస్తుంది. అలాంటి యంత్రం మీద తొలిచిన తుపాకి గొట్టం వంకర పోక తప్పదు.

ఇదే ఆకారపు గాడిని చిన్న పరిమాణంలో రైఫిలు గొట్టంపై అడ్డంగా కోసి, గురిచూసే మొనను అందులో బిగించడం తుపాకుల తయారీదారుల పాత అలవాటు. మొనను పక్కకు తట్టి కొద్దిగా జరిపితే గుండు కుడికి గానీ ఎడమకు గానీ పోయే దోషం సవరించబడుతుంది. గాడిని రంపంతో కోసి, ఒక పక్క పళ్ళు లేకుండా నునుపు చేసిన ముక్కోణపు ఆకురాయితో మూలలు తీర్చేవారు. నునుపు పక్క ఒక తలానికి ఆని ఉండగా పళ్ళున్న పక్క రెండవ తలాన్ని మాత్రమే కోస్తుంది. గాడి వదులైతే తుపాకి పేలిన ప్రతిసారీ మొన కదులుతుంది. మరీ లోతైతే గొట్టం గోడ పలుచబడుతుంది. చేతి నేర్పు మీదనే ఆధారపడిన ఇటువంటి పనులను యంత్రానికి, కొలతకు అప్పగించాలన్నదే విట్‌వర్త్ జీవితకాలపు పట్టుదల.

మరచుట్ల ప్రమాణం

1841లో విట్‌వర్త్ సివిల్ ఇంజనీర్ల సంస్థకు మరచుట్ల గురించిన పత్రాన్ని సమర్పించాడు. అంతకుముందు ప్రతి కర్మాగారం తనకు తోచిన కొలతలో మరలు చేసుకునేది. ఒక కర్మాగారపు బోల్టుకు మరొక కర్మాగారపు నట్టు పట్టేది కాదు. ఒక బోల్టు పోతే యంత్రాన్ని చేసినవారి వద్దకే పరుగెత్తవలసి వచ్చేది. విట్‌వర్త్ దేశంలోని ప్రముఖ కర్మాగారాల నుండి మరలను సేకరించి, వాటి కొలతల సగటును ఆధారంగా చేసుకొని, ప్రతి వ్యాసానికి అంగుళానికి ఇన్ని చుట్లు అని నిర్ణయించాడు. చుట్టు కోణం అన్ని పరిమాణాలకూ 55 డిగ్రీలు. చుట్టు కొన, మొదలు రెండూ గుండ్రంగా ఉంటాయి. కొత్త సిద్ధాంతాన్ని ఎవరిపైనా రుద్దక, అప్పటికే వాడుకలో ఉన్నవాటి సగటును తీసుకోవడం వల్లనే రైల్వేలు, కర్మాగారాలు దీనిని తేలికగా అంగీకరించాయి. ఇరవై ఏళ్ళలోపే ఇది బ్రిటన్ అంతటా వ్యాపించింది.

దీని ప్రయోజనం క్రిమియా యుద్ధకాలంలో స్పష్టమైంది. నౌకాదళానికి హఠాత్తుగా 90 చిన్న యుద్ధనౌకల ఇంజన్లు అవసరమయ్యాయి. జాన్ పెన్ అనే ఇంజన్ల తయారీదారు నమూనా ఇంజన్లను విడదీసి వాటి భాగాలను వేర్వేరు కర్మాగారాలకు పంపి, అక్కడ తయారైనవాటిని తెప్పించి బిగించాడు. దాదాపు మూడు నెలల్లో ఆ పని పూర్తయింది. ప్రమాణ కొలతలు, ప్రమాణ మరలు లేనిదే ఇది ఊహకందని పని.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణంతో వేరే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. ఈ రెండు ప్రమాణాల తేడా రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రదేశాలకు పెద్ద తలనొప్పిగా పరిణమించింది. చివరకు 1948లో బ్రిటన్, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి ప్రమాణానికి అంగీకరించాయి.

కొలత యంత్రం

1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో విట్‌వర్త్ యంత్రాలు విశేషంగా ఆకర్షించాయి. ఈ కాలంలోనే ఈయన రూపొందించిన కొలత యంత్రం అంగుళంలో పదిలక్షవ వంతు తేడాను చూపగలిగేది. దాని లెక్క చాలా సులభం. అంగుళానికి 20 చుట్లున్న మర ఒకటి, దాని తలపై 200 పళ్ళ చక్రం, ఆ చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున తిప్పే మరొక మర, దానికి 250 గీతలుగా విభజించిన చక్రం ఉంటాయి. 20ని 200తోనూ, ఆ ఫలాన్ని 250తోనూ గుణిస్తే 10 లక్షలు వస్తుంది. అంటే చివరి చక్రాన్ని ఒక్క గీత జరిపితే మొదటి మర అంగుళంలో పదిలక్షవ వంతు ముందుకు కదులుతుంది.

అంత సూక్ష్మమైన కదలికను గుర్తించడమెలా? ఇందుకు విట్‌వర్త్ చిన్న ఉక్కు బిళ్ళ ఒకదానిని ఉపయోగించాడు. కొలిచే వస్తువుకూ యంత్రపు మొనకూ నడుమ ఆ బిళ్ళను ఉంచుతారు. పట్టు చాలినంత ఉంటే బిళ్ళ నిలుస్తుంది, ఒక్క గీత సడలిస్తే తన బరువుకు తానే జారిపడుతుంది. కార్మికుని వేలి ఒత్తిడిపై ఆధారపడకుండా భూమ్యాకర్షణనే సాక్షిగా పెట్టుకోవడం మెచ్చుకోదగిన ఆలోచన.

రైఫిలు పరిశోధన

1853లో న్యూయార్క్ ప్రదర్శనకు బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధులలో ఒకడుగా విట్‌వర్త్ అమెరికా వెళ్ళాడు. ప్రదర్శన ఆలస్యం కావడంతో ఆ సమయాన్ని కర్మాగారాలు చూడటానికి వినియోగించి, 1854లో నివేదిక ఇచ్చాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తుపాకి కర్ర భాగాలను వరుస యంత్రాలపై తయారుచేస్తున్న తీరు అందులో వర్ణించాడు.

అదే సంవత్సరం బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ హార్డింజ్ ప్రోత్సాహంతో ఎన్‌ఫీల్డు రైఫిళ్ళను చేసే యంత్రాలను రూపొందించవలసిందిగా ప్రభుత్వం ఈయనను కోరింది. విట్‌వర్త్ వెంటనే ఒప్పుకోలేదు. మంచి గొట్టం అంటే ఏమిటో ముందు తేలితే తప్ప దాన్ని చేసే యంత్రం గురించి ఆలోచించడం వృథా అన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఆ వాదనను మన్నించి, మాంచెస్టర్ శివార్లలో ఆయన నివాసం వద్ద 500 గజాల పొడవైన కప్పుగల కాల్పుల శాలను నిర్మింపజేసింది. గాలి ప్రభావం లేకుండా చేయడం దీని ఉద్దేశం. పలుచని కాగితపు తెరలను దారిపొడవునా వేలాడదీసి, గుండు చేసిన రంధ్రాలను బట్టి అది ప్రయాణించిన మార్గాన్ని, అది నేరుగా పోయిందా, తలకిందులైందా అనే సంగతిని తెలుసుకునేవారు. మొదట కట్టిన శాల తుఫానుకు కూలిపోగా తిరిగి కట్టి 1855లో పరీక్షలు కొనసాగించాడు.

రైఫిలు గొట్టం లోపల గుండును తిప్పడానికి మెలికగా గాడులుంటాయి. ఎన్‌ఫీల్డు గొట్టం రంధ్రం వ్యాసం 0.577 అంగుళం. దాని మెలిక 78 అంగుళాలకు ఒక చుట్టు. గొట్టం పొడవు 39 అంగుళాలే కనుక గుండు బయటపడేలోగా అరచుట్టు మాత్రమే తిరుగుతుంది. విట్‌వర్త్ 60 అంగుళాలకు ఒక చుట్టు నుండి అంగుళానికి ఒక చుట్టు వరకు రకరకాల మెలికలను పరీక్షించి చూశాడు. చివరకు 0.451 అంగుళం వెడల్పు, 20 అంగుళాలకు ఒక చుట్టు అన్న నిర్ణయానికి వచ్చాడు. గుండు బరువు మాత్రం ఎన్‌ఫీల్డుతో సమానంగా 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. బరువు తగ్గకుండా వ్యాసం తగ్గించినప్పుడు గుండు పొడవు పెరుగుతుంది. పొడవైన గుండు గాలిని సులభంగా చీల్చుకుపోతుంది గానీ, తలకిందులు కాకుండా ఉండాలంటే ఎక్కువ వేగంగా తిరగాలి. అందుకే ఆ బిగువైన మెలిక.

ఈయన గొట్టానికి గాడులు లేవు. రంధ్రమే ఆరు పలకలుగా ఉండి మెలి తిరుగుతుంది. గుండును కూడా అదే ఆకారంలో చేస్తే అది మరలో బోల్టులా సరిపోతుంది. బహుభుజి ఆకారపు గొట్టం ఆలోచన మాత్రం విట్‌వర్త్ ఒక్కడిదే కాదు. ప్రసిద్ధ ఇంజనీరు బ్రూనెల్ 1850ల తొలి సంవత్సరాలలో వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే తుపాకుల తయారీదారు చేత అష్టభుజాకార గొట్టాన్ని చేయించి ఉన్నాడు. కానీ ఆ ఆకారాన్ని గొట్టం ఈ చివరి నుండి ఆ చివరి వరకు కొలత తప్పకుండా కోయగల యంత్రాలు, సరిచూడగల గేజీలు ఉన్నది విట్‌వర్త్ వద్దనే.

హైత్ పరీక్షలు, తిరస్కరణ

1857 ఏప్రిల్‌లో హైత్‌లోని సైనిక తుపాకి శిక్షణాలయంలో రెండు రైఫిళ్ళకూ పోటీ జరిగింది. 500 గజాల దూరంలో గుళ్ళు మధ్యబిందువు నుండి సగటున ఎంత దూరంలో పడ్డాయని లెక్కించగా ఎన్‌ఫీల్డుకు 2.24 అడుగులు, విట్‌వర్త్‌కు 0.37 అడుగు వచ్చింది. 1100 గజాల వద్ద 8.04, 2.62 అడుగులు. 1400 గజాల దూరంలో ఎన్‌ఫీల్డు లక్ష్యాన్ని తాకనేలేదు. విట్‌వర్త్ సగటు 4.62 అడుగులు. సరిగ్గా మరుసటి నెలలో మన దేశంలో మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు చెలరేగింది. కొవ్వు పూసిన తూటాల వివాదానికి మూలమైన రైఫిలు ఈ ఎన్‌ఫీల్డే.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చిన తరువాత కూడా సైన్యం విట్‌వర్త్ రైఫిలును స్వీకరించలేదు. రంధ్రం సైనిక ఆయుధానికి మరీ చిన్నదని ఒక ఆక్షేపణ. నల్లమందు కాలిన మసి లోపల పేరుకుంటే ముందు నుండి గుండును దించడం కష్టమని మరొకటి. ధర కూడా ఎన్‌ఫీల్డు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ తిరస్కరణను అధికారుల మూఢత్వంగా వర్ణించే రచయితలు చాలామంది ఉన్నారు. అది పూర్తిగా న్యాయం కాదు. యుద్ధభూమిలో వానలో, బురదలో, తొందరలో ఉన్న సిపాయికి తేలికగా నిండే తుపాకి కావాలి. అయితే చిన్న రంధ్రం మీద వారు చేసిన ఆక్షేపణ నిలవలేదు. 1871లో సైన్యం స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిలు రంధ్రం 0.450 అంగుళమే. దాని లోపలి ఆకారం కూడా బహుభుజే. మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. పేరు మాత్రం విట్‌వర్త్‌ది కాదు.

1860 జూలై 2న వింబుల్డన్‌లో జాతీయ రైఫిలు సంఘం తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. స్థిరమైన ఆధారంపై బిగించిన విట్‌వర్త్ రైఫిలును ఆమె పట్టుతాడు లాగి పేల్చగా, 400 గజాల దూరంలోని లక్ష్యపు నడిబొడ్డుకు ఒకటిన్నర అంగుళాల లోపే గుండు తగిలింది.

ఈ రైఫిలు నిజమైన యుద్ధంలో ఉపయోగపడినది అమెరికా అంతర్యుద్ధంలో. దక్షిణ రాష్ట్రాలవారు కొద్ది సంఖ్యలో కొని, నేర్పరులైన గురికాళ్ళ చేతికిచ్చారు. కొన్నింటికి దుర్భిణి కూడా అమర్చారు. 1864 మే 9న స్పాట్సిల్వేనియా వద్ద ఉత్తర సైన్యపు జనరల్ జాన్ సెడ్జ్‌విక్‌ను చాలా దూరం నుండి కూల్చిన గుండు విట్‌వర్త్ రైఫిలుదేనని చెబుతారు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన పక్షానికి ఈ ఆయుధం చేరిందనే వాస్తవాన్ని విట్‌వర్త్ జీవితచరిత్రలు తరచు ఒక్క వాక్యంతో దాటవేస్తాయి.

ఫిరంగులు, ఉక్కు

రైఫిలు తరువాత విట్‌వర్త్ ఫిరంగుల వైపు మళ్ళాడు. ఇక్కడ ఆయనకు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రత్యర్థి. ఇద్దరి ఫిరంగుల మీద ప్రభుత్వం ఏళ్ళ తరబడి పరీక్షలు జరిపింది. ప్రభుత్వ ఒప్పందాలలో పైచేయి ఆర్మ్‌స్ట్రాంగ్‌దే అయింది. విట్‌వర్త్ రాజీ ఎరుగని మనిషి. తన నమూనాలో ఇతరులు మార్పులు సూచిస్తే సహించేవాడు కాదు. ఈ స్వభావం ఆయనకు కొలతలలో ఎంత మేలు చేసిందో, కమిటీల ముందు అంత చేటు చేసింది.

గొట్టాలు పగలకుండా ఉండాలన్న అన్వేషణలోనే మరొక ఆవిష్కరణ జరిగింది. కరిగిన ఉక్కును అచ్చులో పోసి, అది గట్టిపడేలోగా హైడ్రాలిక్ ప్రెస్‌తో అదిమితే లోపలి గాలిబుడగలు పోయి దృఢమైన ఉక్కు తయారవుతుంది. ఈ ఉక్కు ఓడల యంత్రాల ఇరుసులకు, ఫిరంగులకు, తరువాత వేట తుపాకుల గొట్టాలకు పేరుపొందింది.

సన్మానాలు, విద్యార్థి వేతనాలు

1857లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు 1856, 1857, 1866 సంవత్సరాలలో అధ్యక్షత వహించాడు. 1869లో బారొనెట్ బిరుదు వచ్చింది. 1874లో తన సంస్థను లిమిటెడ్ కంపెనీగా మార్చి, ఉద్యోగులు కూడా వాటాలు పొందే ఏర్పాటు చేశాడు.

1868లో ఏడాదికి 100 పౌండ్ల చొప్పున 30 విద్యార్థి వేతనాలను ప్రకటించాడు. ఇందుకు నిర్ణయించిన నియమం గమనార్హం. అభ్యర్థికి గణితం, యంత్రశాస్త్రం వంటి విషయాలలో పరీక్షతోపాటు పనిముట్లు పట్టే నేర్పు కూడా ఉండాలి. పుస్తకజ్ఞానం ఉన్నవానికి చేతిపని రాదు, చేతిపని వచ్చినవానికి సిద్ధాంతం తెలియదు అనే స్థితిని మాన్పడం ఆయన ఆశయం. మన సాంకేతిక విద్యలో ఈ చర్చ ఈనాటికీ సాగుతూనే ఉంది. విట్‌వర్త్ పేరిట విద్యార్థి వేతనాలు ఇప్పటికీ మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ద్వారా ఇవ్వబడుతున్నాయి.

చివరి సంవత్సరాలు

ఫానీతో ఆయన వైవాహిక జీవితం చివరి వరకు సాగలేదు. వారు చాలాకాలం విడిగా జీవించారు. 1870లో ఆమె మరణించగా, 1871లో మేరీ లూయిజా ఆరెల్‌ను వివాహం చేసుకున్నాడు. డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌లో స్టాన్‌క్లిఫ్ భవనంలో నివసించాడు. ఆరోగ్యం క్షీణించి, చలికాలాన్ని దక్షిణ ఐరోపాలో గడుపుతూ 1887 జనవరి 22న మాంటే కార్లోలో మరణించాడు. డార్లీ డేల్‌లో ఖననం చేశారు. సంతానం లేనందున బారొనెట్ బిరుదు ఆయనతోనే ముగిసింది.

ఆస్తిలో అధికభాగాన్ని ధర్మకార్యాలకు ఉపయోగించవలసిందిగా భార్యతోపాటు మరి ఇద్దరు మిత్రులకు అప్పగించాడు. ఆ సొమ్ముతో మాంచెస్టర్‌లో విట్‌వర్త్ కళాశాల (చిత్రకళా ప్రదర్శనశాల), ఉద్యానవనం, డార్లీ డేల్‌లో విట్‌వర్త్ సంస్థ వెలిశాయి. మాంచెస్టర్‌లోని క్రిస్టీ క్యాన్సర్ ఆసుపత్రి ఆవిర్భావానికి కూడా ఈ నిధి తోడ్పడింది. ఆయన కర్మాగారం 1897లో పాత ప్రత్యర్థి ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థతో విలీనమై ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ అనే పేరుతో కొనసాగింది.